ఎవరూ చదవని పోస్టు

బతికున్న మనిషిని ఫోన్‌లో చంపేసిన లైబ్రేరియన్ అని కొల్లేటి పక్క ఊళ్ళలో నాకో పేరుంది. ఆ పేరు నాకు నచ్చదు. నేను రాసినదాంట్లో ఆయన పోయారని ఒక్క ముక్క కూడా లేదు. చంపింది ఊరంతా కలిసి, అదీ చదవకపోవడం వల్ల. ఈ మాట ఎవరితో అన్నా “అంతేలెండి మేడం గారూ” అని నవ్వి ఊరుకుంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

నాది ఏలూరు. తివాచీలు నేసే ఇళ్ళ మధ్య పెరిగాను. మా నాన్నదీ అదే పని. ఆయన చిన్నతనంలో మగ్గం పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని ఏ వరసలో ఏ రంగు ముడి పడాలో పైకి చెబుతూ ఉండేవాడట. మిగతావాళ్ళు ఆ గొంతు వింటూ ముడులు వేసేవారట. ఆ మనిషికి జలుబు చేసి గొంతు పూడుకుపోయిన రోజున పని మొత్తం ఆగిపోయేదని నాన్న చెప్పి నవ్వేవారు. నాకు చదువు అబ్బింది, లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది, మగ్గం జోలికి పోలేదు. ఆ కథ మాత్రం మనసులో ఉండిపోయింది.

మొదట తాడేపల్లిగూడెంలో పనిచేశాను. లైబ్రరీలన్నీ సోషల్ మీడియాలోకి రావాలి, జనానికి దగ్గర కావాలి అని పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది అప్పుడే. చాలా చోట్ల పేజీ తెరిచి, బిల్డింగ్ ఫోటో ఒకటి పెట్టి చేతులు దులుపుకున్నారు. నేను అలా వదిలేసే రకం కాదు. ఏ ఉద్యోగానికి నోటిఫికేషన్ పడిందో, దానికి చదవాల్సిన పుస్తకం మా దగ్గర ఏ బీరువాలో ఉందో ఫోటోతో సహా పెట్టేదాన్ని. పరీక్షలకు తయారయ్యేవాళ్ళు తాళం తీయకముందే వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చునేవారు. ఫోన్ వచ్చాక చదువు చచ్చిపోయిందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. జనం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి పిలవాలి. జనం ఫోన్‌లో ఉన్నారు, అంతే.

ఆ ధీమాతోనే కొల్లేటి పక్కనున్న ఈ ఊరికి బదిలీ మీద వచ్చాను. రోజూ ఏలూరు నుంచి బస్సులో వచ్చి పోతాను. దారికి రెండు పక్కలా మొదట వరి చేలు, తర్వాత చేపల చెరువులు. లైబ్రరీ అంటే ఒక గది, ముందు వసారా, వసారాలో పొడుగు బెంచీలు. ఒకసారి కొల్లేరు పొంగి నీళ్ళు గుమ్మం దాకా వస్తే ఊరివాళ్ళే పుస్తకాలను చేపల మేత బస్తాల్లో వేసి, నెత్తిన పెట్టుకుని స్కూలు మేడ మీదికి చేర్చారట. అందుకే కొన్ని పుస్తకాలు ఇప్పటికీ తౌడు వాసన వేస్తాయి. ఆ సంగతి విన్న రోజునే ఆ గది మీద నాకు మమకారం పుట్టింది.

ఆ వసారాలో పొద్దున ఏడింటికి ఒక పెద్దాయన పేపరు చదివేవారు. తన కోసం కాదు, ఊరి కోసం, పైకి చదివేవారు. ఒకప్పుడు వరి పండించిన రైతు. ఆ పొలమే ఇప్పుడు చెరువైంది, దాన్ని కొడుకు చూసుకుంటాడు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. చెరువు కాపలా నుంచి ఇంటికి పోయేవాళ్ళు, మేత లారీ దింపేవాళ్ళు, పాలు పోసి వచ్చే ఆడవాళ్ళు బెంచీల మీదా గచ్చు మీదా సర్దుకుని కూర్చుని వినేవారు. వాళ్ళలో చాలామందికి చదవడం వచ్చు. అయినా ఆయన నోట వినాల్సిందే.

మన పేపర్ల సంగతి తెలిసిందే కదా, ఒకటి ఒక పార్టీ వైపు, ఇంకోటి ఇంకో పార్టీ వైపు. ఒకే మీటింగు ఒకదాంట్లో జనసముద్రం, రెండోదాంట్లో ఖాళీ కుర్చీలు. బాబాయిగారు రెండూ చదివేవారు. ఆయన గొంతు విని ఆయన ఓటెవరికో ఎవరూ కనిపెట్టలేకపోయేవారు. తన పార్టీ పేపరు అయిపోగానే ఎవరైనా లేవబోతే ఊరుకునేవారు కాదు.

“కూర్చోవయ్యా. సగం విని వెళ్ళి ఊరంతా చెప్తావు. రెండోది కూడా విని, అప్పుడెళ్ళి చెప్పు,” అనేవారు.

అలాంటి చోటికి నేను వచ్చి లైబ్రరీ పేరున ఒక పేజీ, ఒక వాట్సాప్ గ్రూపు తెరిచాను. మొదట్లో గ్రూపు నిండా దేవుళ్ళ ఫోటోలతో గుడ్ మార్నింగులు, చేపల రేట్లు, ఎవరి గేదె తప్పిపోయిందో ఆ వివరాలు. గుడ్ మార్నింగు పెట్టినవాళ్ళను పెట్టినట్టే తీసేశాను. పంచాయతీలో మాట చెల్లే పెద్దమనిషిని కూడా తీసేశాను. ఆయన వచ్చి బతిమాలుకుంటే మళ్ళీ చేర్చుకున్నాను. తర్వాత ఏలూరులో మా ఇంటికి తెల్లారకముందే వచ్చే పేపర్లలోంచి ముఖ్యమైన హెడ్డింగులు ఫోటో తీసి పెట్టడం మొదలుపెట్టాను. అది బ్రహ్మాండంగా పట్టింది. చెరువు గట్ల మీద కాపలా గుడిసెల్లో ఉండేవాళ్ళు, ఉంగుటూరుకీ నల్లజర్లకీ కోడళ్ళుగా వెళ్ళిన ఈ ఊరి ఆడపిల్లలు కూడా గ్రూపులో చేరారు. పై ఆఫీసు మీటింగులో మా శాఖ లైబ్రరీని చూసి నేర్చుకోమన్నారు. నేను కాలర్ ఎగరేసుకుంటూ తిరిగాను, చీరకి కాలర్ లేకపోయినా.

ఇంతలో వసారా ఖాళీ అయిపోయింది.

“హెడ్డింగులు పొద్దున్నే చూసేశామండి మేడం గారూ,” అని చెబుతూ బెంచీ ముందు నుంచే వెళ్ళిపోయేవారు. ఏడింటికి బాబాయిగారు ఎప్పటిలాగే వచ్చేవారు. వచ్చిన ఒకరిద్దరికి చదివేవారు. కొన్నాళ్ళకు నేను ఒక్కదాన్నే మిగిలాను. ఒకరోజు మొదటి పేజీ మధ్యలో ఆపేసి, పేపరు జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు.

“ఏవమ్మా, ఫోనే చెప్పేస్తా ఉంటే మధ్యలో నేనెందుకండి, గొంతు అరగడం తప్ప?”

ఆయనకున్నది బటన్ల ఫోను. గ్రూపులో లేరు, చేరనన్నారు. కోప్పడి వెళ్ళినా బాగుండేది, కోపమైతే నేను తీర్చగలను. ఆయన నవ్వుతూనే వెళ్ళారు. ఆ తర్వాత లైబ్రరీ ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినా రోడ్డుకి అవతలి పక్క నడిచేవారు. రోజూ అది కిటికీలోంచి చూడటం నాకు కష్టంగా ఉండేది.

అదే సమయంలో పై ఆఫీసు నుంచి ఇంకో కబురు. జనం రాని శాఖలను మండల కేంద్రంలోని లైబ్రరీలో కలిపేస్తారట. మా శాఖ పేరు అందులో ఉంది. అధికారి వచ్చి చూసి వెళ్ళాక నిర్ణయం. నేను ఏలూరులో ఆఫీసుకి వెళ్ళి ఆయన్ని కలిశాను. గ్రూపు చూపించాను, పేజీ చూపించాను.

ఆయన నెమ్మదస్తుడు. మొత్తం ఓపిగ్గా చూశారు. “చాలా బాగా చేస్తున్నారమ్మా. కానీ వీళ్ళంతా ఫోన్‌లోనే ఉన్నారండి. గదికి కరెంటు, పేపర్లు, మీ జీతం ఇవన్నీ గదిలో కూర్చునేవాళ్ళ కోసం కదండి. వాళ్ళని చూపించండి, నేను రాసి పంపుతాను,” అన్నారు.

నాకైతే ఎక్కడో ఒకచోట ఉద్యోగం ఉంటుంది. కానీ ఆ గది మూతపడితే పాలు పోసి వచ్చే ఆడవాళ్ళు పుస్తకం కోసం ఆటో ఎక్కి మండల కేంద్రానికి పోతారా? నెత్తిన పెట్టుకుని కాపాడుకున్న పుస్తకాలు ఇంకెవరి బీరువాలోకో పోతాయి. మూతపడనివ్వను అనుకున్నాను. దానికి దారి ఒకటే కనిపించింది. బాబాయిగారు బెంచీ మీద కూర్చుంటే జనం వస్తారు. ఆయన్ని రమ్మని వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. కాఫీ ఇచ్చారు, మాట మార్చేశారు. ఊరంతా కలిసి అడిగితే కాదనలేరు కదా అనిపించింది. ఊరంతటినీ ఒక్కసారి పలకరించే పని నా చేతిలోనే ఉంది.

వాళ్ళావిడ్ని ఆయన ఫోటో ఒకటి అడిగాను. దేనికని అడిగితే మంచి పనికేనన్నాను. దంపతులిద్దరూ కలిసి తీయించుకున్న ఫోటో కోడలి ఫోను నుంచి పంపించారు. అందులోంచి ఆయన్ని మాత్రం కత్తిరించాను. ఫోన్‌లో పోస్టర్లు తయారు చేసే యాప్ తెరిచి, చదువు అంటే వెలుగు కాబట్టి రెండు పక్కలా రెండు దీపాలు పెట్టాను. బోసిగా ఉందని పైన పసుపుపచ్చ పూలు వేశాను. ఫోటో కాస్త పాతది, రంగు వెలిసి ఉంది కాబట్టి అందంగా ఉంటుందని నలుపు తెలుపు చేశాను. మా ఇళ్ళలో పోయినవాళ్ళ ఫోటోలకు దండ వేసి దీపం పెట్టే ఆచారం లేదు. అలాగని ఏలూరు సెంటర్లలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు నేను చూడలేదా అంటే రోజూ చూస్తాను. ఆ పూట నా కంటికి మాత్రం అది చూడముచ్చటగానే కనిపించింది.

కింద రాసింది మాత్రం తూచి తూచి రాశాను. ‘మన ఊరికి ఇన్నేళ్ళుగా రెండు పేపర్లూ చదివి వినిపించిన పెద్దాయనకు లైబ్రరీ తరఫున నమస్కారం. ఫోన్‌లో హెడ్డింగే వస్తుంది, వార్త ఆయన గొంతులోనే తెలుస్తుంది. ఆయన మళ్ళీ చదవాలని అందరం కలిసి అడుగుదాం. సోమవారం ఏడింటికి వసారాకి రండి.’ ఇంకా పొడుగుంది, నా రాత నాకు ముచ్చటేసి పెంచుకుంటూ పోయాను. పొడుగైతే ఫోన్ ఏం చేస్తుంది? పైన ఫోటో, ఒక ముక్క చూపించి, మిగతాది దాచేసి ‘ఇంకా చదవండి’ అని నీలం అక్షరాలు పెడుతుంది. ఏలూరు బస్టాండులో నిలబడి గ్రూపులోనూ పేజీలోనూ పంపించాను. బస్సు వచ్చింది, కాలు పెట్టే చోటు లేదు. ఫోను సంచీలో పడేసి ఒంటిచేత్తో కమ్మీ పట్టుకున్నాను.

ఊళ్ళో దిగేసరికి టీ కొట్టు షట్టరు సగం దించి ఉంది. కొట్టతను నన్ను చూసి తువ్వాలు భుజం మీంచి తీశాడు.

“ఎంత పని జరిగిపోయిందండి మేడం గారూ.”

“ఏం జరిగిందండి?”

“బాబాయిగారండి. పోయేరు కదండి.”

“అయ్యో! ఎప్పుడండి? మీకెవరు చెప్పేరు?”

“మీరే కదండి,” అన్నాడతను నా వంక వింతగా చూసి. “పొద్దున్నే పెట్టేరు కదండి.”

సంచీలోంచి ఫోను తీశాను. ఓం శాంతి. ఓం శాంతి. దండాలు పెట్టే చేతులు. మీ ఆత్మకు శాంతి కలగాలి. మళ్ళీ ఓం శాంతి. వేలు నొప్పి పుట్టేదాకా పైకి జరిపాను, అవే. ముందు ఒకరు రాశారు, వాళ్ళని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఊరు. మా శాఖ పుట్టాక ఏ పోస్టుకీ అంతమంది స్పందించలేదు. ‘ఇంకా చదవండి’ మీద మాత్రం ఒక్క వేలు పడలేదు.

ఇంటికి వెళ్ళి చూడొచ్చు కదా అంటే, వెళ్ళారు. ఇంటికి తాళం. ఆ రోజు బాబాయిగారు, వాళ్ళావిడ, కోడలు ఉంగుటూరులో బాబాయిగారి అక్కగారింట్లో ఏదో కార్యం ఉందని మొదటి బస్సుకే వెళ్ళారు. బటన్ల ఫోను ఇంట్లోనే మోగుతోంది, కోడలి ఫోను కలవడం లేదు. కొడుకు చెరువు పట్టుబడిలో ఉన్నాడు, వలలు లాగుతూ ఫోను చూసుకోలేదు. తాళం చూసి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటారనుకున్నారు. కబురు లైబ్రరీ నుంచి వచ్చింది కాబట్టి చివరిచూపు కూడా లైబ్రరీలోనే అనుకున్నారు. నేను వెళ్ళేసరికి వసారా, గది, ముందున్న రోడ్డు నిండా జనం. దండలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో నా బల్ల మీద తెల్లగుడ్డ కూడా పరిచారు.

కుర్చీ ఎక్కి అరిచాను. “ఆయన బతికే ఉన్నారండి! నేను పెట్టింది చదవండి!”

“పాపం, షాకులో ఉన్నారు మేడం గారు. ఎవరైనా మంచినీళ్ళివ్వండి,” అన్నారు వెనక నుంచి.

ముందున్న పెద్దావిడని పట్టుకుని అడిగాను, ఏం చదివారు మీరు అని. “ఫోటో చూశాం కదమ్మా. దీపాలు, పూలు. ఇంక చదవడానికేముంది?” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. ఒక లైబ్రరీ పెట్టిన పోస్టు, లైబ్రరీకి రమ్మని పెట్టిన పోస్టు, ఒక్కరంటే ఒక్కరు చదవకుండా లైబ్రరీకి వచ్చి నిలబడ్డారు.

అంతలో జనాన్ని తోసుకుంటూ కొడుకు వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, ఒంటి మీద వల నీళ్ళు కారుతున్నాయి. ఎవరో గట్టు మీదికి పరుగెత్తి చెప్పారట, వలలో చేపలు వలలో ఉండగానే వదిలేసి వచ్చాడు. వాళ్ళు ఉంగుటూరు వెళ్ళారని అతని నోటే విని, మేనత్తగారింటికి ఫోను కలిపించి అతని చెవి దగ్గర పెట్టాను. అవతల నాన్న గొంతు వినగానే గచ్చు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. దీపాలూ పూలూ పెట్టింది నా చేతులే.

ఈ గొడవ సరిపోనట్టు జీపు వచ్చి ఆగింది. మా అధికారి దిగారు, చేతిలో గులాబీల దండ. ఆయనా పేజీ చూసే బయల్దేరారు. ఎలాగూ మా శాఖ చూడాల్సి ఉంది కాబట్టి రెండు పనులూ కలిసొస్తాయనుకున్నారట. ‘ప్రగాఢ సానుభూతి’ అని ఆయన రాసింది నేను టీ కొట్టు దగ్గరే చూశాను. విషయం చెప్పాను. ఆయన తన ఫోను తీసి, నీలం అక్షరాల మీద నొక్కి, మొత్తం చదివి, దండని నెమ్మదిగా వెనక్కి దాచుకున్నారు.

కాసేపటికి ఆటో దిగి బాబాయిగారు వచ్చారు. జనం రెండుగా చీలి దారిచ్చారు. కొందరు ఏడ్చారు, కొందరు ముట్టుకుని చూశారు. ఆయన వసారా ఎక్కి, ఎప్పుడూ కూర్చునే చోటు చూసి, కూర్చున్నారు.

“మా అక్క ఉప్మా వడ్డిస్తా ఉందండి,” అన్నారు అందరినీ చూస్తూ. “ఫోను మోగింది. మా బావ ఎత్తేడు. ‘పాపం, ఎప్పుడు పోయేరండి’ అని అవతల ఏడుపు. మా బావ నాకేసి చూసి, ‘ఇప్పుడే రెండోసారి ఉప్మా వేయించుకున్నాడండి’ అన్నాడు.”

ఆ నవ్వు రోడ్డు దాకా పాకింది. వాళ్ళావిడ మాత్రం నవ్వలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది. “ఏవండీ, ఇద్దరం ఉన్న ఫోటో ఇస్తే నన్నెందుకు కోసేశారండి? పక్కన నేనుంటే ఎవరూ అలా అనుకునేవారు కాదుగా!” అంది. ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

బాబాయిగారు కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాచారు. “అసలేం రాసేరో ఇలా ఇవ్వండమ్మా.”

నా ఫోను ఇచ్చాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆయన ఫోనుని పేపరంత దూరంలో పట్టుకుని, పేపరు గొంతుతో, నేను రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఊరు దాన్ని వినడం అదే మొదటిసారి. వార్త ఆయన గొంతులోనే తెలుస్తుంది అన్నచోట ఒక్క క్షణం ఆగారు. మళ్ళీ అందుకుని, సోమవారం ఏడింటికి రండి అన్నదాకా పూర్తి చేశారు.

తర్వాత కింద రాసినవి మొదలుపెట్టారు. పేరు చదవడం, ఆ మనిషిని జనంలో వెతికి పట్టుకోవడం, రాసింది చదవడం. “ఓం శాంతి, ఎరువుల కొట్టాయన. ఆయ్, ధన్యవాదాలండి.” “ఓం శాంతి, మా వీధి చివరావిడ. నిన్న సాయంత్రమే కదమ్మా కూర ఇచ్చేవు.” ఒకచోట ఆగి కళ్ళజోడు సర్దుకున్నారు. “చూడండి, చెరువు గట్టు తగాదాలో నాతో మాటలు మానేసిన మా వియ్యంకుడు ‘బంగారం లాంటి మనిషి’ అని రాసేడు. ఉండండి, ఇది మళ్ళీ చదువుతాను.” మళ్ళీ చదివారు. వియ్యంకుడు స్తంభం చాటున నిలబడి ఉన్నాడు. నవ్వాపుకోలేక బయటికి వచ్చి పక్కన కూర్చున్నాడు. మా అధికారిది కూడా చదివారు, హోదాతో సహా. ఆయన లేచి అందరికీ నమస్కారం పెట్టారు.

జనం సర్దుకున్నాక అధికారి అడిగారు. “ఇక్కడికి రోజూ ఇంతమంది వస్తారాండి?”

అవునని ఒక్క మాట అంటే చాలు, గది నిలబడుతుంది. బాబాయిగారు అబద్ధం ఆడే మనిషి కాదు.

“రోజూ ఇంతమంది రావాలంటే రోజుకొకరు పోవాలండి,” అన్నారు. నవ్వులు తగ్గేదాకా ఆగి, “చదివేవాడు ఉంటే ఇందులో కొంతమంది రోజూ వస్తారండి. ఇన్నాళ్ళూ వచ్చేరు. నేనే మానేశాను. రేపటి నుంచి వస్తాను,” అన్నారు.

అని, ఆ రోజు పేపర్లు రెండూ తెమ్మన్నారు. దండలు బెంచీ కింద పెట్టి జనం కూర్చున్నారు. మొదటి పేపరు అయ్యాక అధికారి వాచీ చూసుకుని లేవబోయారు.

“కూర్చోండి సార్. సగం విని వెళ్ళి ఆఫీసులో చెప్తారు,” అన్నారు బాబాయిగారు.

ఆయన రెండోది కూడా విని వెళ్ళారు. నేను గదిలోకి వెళ్ళి, బీరువా తలుపు చాటున నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

ఆ తర్వాత అధికారి చెప్పకుండా ఇంకో రెండుసార్లు పొద్దున్నే వచ్చి వసారా వెనకాల నిలబడి చూసుకున్నారు. అప్పుడు రాసి పంపారు. మా శాఖని కలపలేదు, ఎక్కడున్నది అక్కడే ఉంది.

నేను ఫోను వదల్లేదు, వదలను. పని మార్చాను. హెడ్డింగుల ఫోటోలు ఆపేశాను. పొద్దున్నే గ్రూపులో ఒకే ఒక్క ముక్క పెడతాను, ‘మన కొల్లేటి గురించి ఇవాళ రెండు పేపర్లలో రెండు రకాలుగా ఉంది, ఏడింటికి బాబాయిగారు చదువుతారు’ అని. ఏముందో చచ్చినా చెప్పను. గట్టు దిగి రాలేని కాపలావాళ్ళ కోసం ఆయన చదివింది రికార్డు చేసి పంపిస్తాను. ముందు ఒప్పుకోలేదు. తర్వాత రెండు పేపర్లూ కోత లేకుండా పంపితేనే అన్నారు. పొడుగైపోతుందన్నాను. పోస్టులు పొడుగ్గా రాసేది మీరే కదండి అన్నారు. ఇప్పుడు గుడిసెల్లో మేత బస్తాల మీద ఫోను పెట్టుకుని వింటున్నారు. పోతే, గ్రూపులో ఏది పెట్టినా ముందు ‘చదివాను’ అని రాసి, ఆ తర్వాతే మాట రాసే అలవాటు ఊరికి పట్టుకుంది. నేను నేర్పింది కాదు, పరువు పోతుందన్న భయం నేర్పింది.

ఈమధ్య ఒకరోజు బాబాయిగారితో ఆ పాత పోస్టు తీసేస్తానన్నాను. పేజీలో ఇంకా అలాగే ఉంది, దీపాలతో సహా. కొత్తవాళ్ళు చూసి కంగారు పడుతున్నారు. ఆయనకు ఆ రోజు బాగా జలుబు, మెడ చుట్టూ మఫ్లరు, మాట గరగరమంటోంది.

“ఉంచండమ్మా. నేను నిజంగా పోయిన రోజున అదే బయటికి తీయండి. పాపం మళ్ళీ ఎవరూ కష్టపడి రాయక్కర్లేదు,” అన్నారు. నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక నెమ్మదిగా అన్నారు. “ఆ రోజున దండలూ అవీ వద్దండి. ఏడింటికి పేపరు మాత్రం ఆగకూడదు. రెండూ చదవాలి.”

“ఎవరు చదువుతారు బాబాయిగారూ?” అన్నాను.

ఏడు కావస్తోంది. పాలు పోసి వచ్చిన ఆడవాళ్ళు చెంబులు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కాపలా దిగినవాళ్ళు వచ్చారు. వియ్యంకుడు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. బాబాయిగారు బెంచీ మీద కాస్త పక్కకి జరిగి, తన చోటు ఖాళీ చేసి, మొదటి పేపరు నా ఒళ్ళో పెట్టారు.

“ఇవాళ నాకు గొంతు లేదు. మొదలెట్టండి.”

నాన్న చెప్పిన జలుబు మనిషి గుర్తొచ్చాడు. ఇక్కడ పని ఆగకూడదు. పేపరు విప్పి మొదటి వార్త చదివాను. రెండు వాక్యాలు కాకముందే ఆయన మోచేత్తో పొడిచారు.

“గట్టిగా అమ్మా. రోడ్డు అవతల నడిచేవాడికి కూడా వినపడాలండి.”

గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.